కాగితపు చుట్టల వేడుక



పరీక్షలు అయిపోగానే మీ పాత నోటుపుస్తకాలు ఏమవుతాయి? తూకానికి వేస్తే పాత కాగితాల కొట్టుకు పోతాయి. కొన్నాళ్ళకు వేరుసెనక్కాయల పొట్లాలై తిరిగి మీ చేతికే వచ్చినా రావచ్చు! ఈసారి వాటిలో నాలుగు కాగితాలు దాచుకోండి. వాటితో ఒక చక్కని పని నేర్చుకుందాం.

దాని పేరు క్విల్లింగ్. మనం కాగితపు చుట్టల పని అందాం. చుట్ట అంటే తాతయ్యలు కాల్చే చుట్ట కాదు సుమా! సన్నని కాగితపు పట్టీని గుండ్రంగా చుట్టి, ఆ చుట్టను వేళ్ళతో నొక్కి పువ్వులు, ఆకులు, పక్షులు చెయ్యటమే ఈ పని.

క్విల్ అంటే ఇంగ్లీషులో పక్షి ఈక కాడ. నాలుగైదు వందల సంవత్సరాల కిందట యూరపులోని మఠాలలో క్రైస్తవ సన్యాసినులు, అంచుకు బంగారు పూత ఉన్న కాగితపు పట్టీలను ఈక కాడకు చుట్టి అలంకారాలు చేసేవారు. దూరం నుంచి చూస్తే అవి బంగారు తీగలతో అల్లినట్టే ఉండేవి. బంగారం కొనలేనిచోట కాగితం ఆ ముచ్చట తీర్చిందన్నమాట! తరవాత ఈ పని ఇంగ్లండులో ఇల్లిల్లూ పాకింది. 1786లో ఒక స్త్రీల పత్రిక ఈ పనికి నమూనాలు కూడా అచ్చువేసింది. జేన్ ఆస్టిన్ అనే రచయిత్రి నవల ఒకటి 1811లో వెలువడింది. అందులో ఒక చిన్నపిల్ల కోసం ఇటువంటి కాగితపు చుట్టల బుట్ట తయారవుతుంది.

ఆ సన్యాసినులు కాగితంతో అనుకరించిన తీగపని మన తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణాలోని కరీంనగర్ పనివాళ్ళు వెండిని సన్నని తీగగా సాగదీసి, రెండు తీగలను పురిపెట్టి, వంపులు తిప్పి, అత్తరు బుడ్లూ, తాంబూలపు పెట్టెలూ చేస్తారు. 2007లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళు వెండి తీగను వంచినట్టే మనం కాగితాన్ని వంచుతాం. వాళ్ళకు నిప్పు కావాలి, పట్టకారు కావాలి. మనకు చీపురుపుల్ల చాలు!

ఇక పనిలోకి దిగుదాం. కొబ్బరి చీపురుపుల్ల కొసను కాస్త చీల్చాలి. ఇది మాత్రం పెద్దవాళ్ళ చేత చేయించండి. కాగితాన్ని అర సెంటీమీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు పట్టీలుగా కత్తిరించండి. పట్టీ కొసను చీలికలో దూర్చి, పుల్లను తిప్పుతూ చుట్టండి. చివర తుమ్మజిగురు రాసి అంటిస్తే బిగిచుట్ట. అంటించకముందు కాస్త వదిలితే వదులుచుట్ట. వదులుచుట్టను ఒక పక్క నొక్కితే నీటిబొట్టు. రెండు పక్కలా నొక్కితే కన్ను. బొట్టు మొనను కాస్త వంచితే మామిడి పిందె! బిగిచుట్టను నడిమి నుంచి మెల్లగా పైకి నెడితే బుట్టకమ్మ అవుతుంది.

పట్టీని వదలగానే చుట్ట ఎందుకు విప్పుకుంటుంది? కాగితం నిండా సన్నని నారపోగులు ఉంటాయి. వంచినప్పుడు వెలుపలి పోగులు సాగుతాయి, లోపలివి నొక్కుకుంటాయి. వదలగానే అవి తమ మొదటి స్థితికి రావాలని చూస్తాయి.

ఒక వార్తాపత్రికను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఒక దిక్కున తిన్నగా చిరుగుతుంది, రెండో దిక్కున వంకరటింకరగా పోతుంది. కాగితం యంత్రంలో తయారయేటప్పుడు పోగులు చాలా భాగం అది కదిలే దిక్కుగానే పడుకుంటాయి. అందుకే ఈ తేడా. తిన్నగా చిరిగే దిక్కుకు అడ్డంగా కత్తిరించిన పట్టీ సులువుగా చుట్టుకుంటుంది. మొదటి రోజున చుట్ట కుదరకపోతే, "నా చెయ్యి మంచిది కాదు" అని వదిలిపెట్టకండి. కాగితం దిక్కు మార్చి చూడండి!

మరొక వింత. మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్న కాగితం 20 సెంటీమీటర్ల పట్టీని బాగా బిగించి చుడితే, చుట్ట అడ్డుకొలత సుమారు 5 మిల్లీమీటర్లు. పట్టీ పొడవు రెట్టింపు చేస్తే చుట్ట 10 మిల్లీమీటర్లు అవుతుందా? కాదు, సుమారు 7 అవుతుంది. 10 కావాలంటే 80 సెంటీమీటర్ల పట్టీ కావాలి. చుట్ట లావెక్కిన కొద్దీ ఒక్కొక్క చుట్టుకూ ఎక్కువ కాగితం పడుతుంది మరి!

ఐరాల పిల్లలు ఈ పని మొదలుపెట్టటానికి వినాయకచవితి మంచి అదను. ఐరాల మండలంలోని కాణిపాకంలో చవితి మొదలు 21 రోజులు వరసిద్ధి వినాయకునికి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. మీరు కూడా చవితినాడు మొదలుపెట్టి రోజుకొక పువ్వు చెయ్యండి. ఆరు నీటిబొట్లు గుండ్రంగా అమర్చి, నడుమ ఒక బిగిచుట్ట అతికిస్తే పువ్వు తయారు. రంగులకు పాత క్యాలెండర్లూ, పెళ్ళిపత్రికలూ ఉండనే ఉన్నాయి. ప్రతి పువ్వు వెనకా తారీఖు వేసి, అన్నిటినీ ఒకే అట్టమీద వరసగా అంటించండి. 21వ రోజున మొదటి పువ్వునూ చివరి పువ్వునూ పక్కపక్కన పెట్టి చూస్తే, మీ వేళ్ళు ఎంత నేర్చుకున్నాయో ఎవరూ చెప్పనక్కరలేదు.

మొదటి పువ్వు వంకరగా ఉన్నదని పారెయ్యకండి. ఏండ్ల తరబడి ఈ పని చేసేవారికి అన్నిటికన్నా విలువైనది ఆ వంకర పువ్వే. ఎక్కడ బయలుదేరామో చెప్పేది అదొక్కటే గదా! బాగా వచ్చినవి ఎవరికైనా బహుమతిగా ఇవ్వండి. మొదటిది మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనికి ఖరీదైన పెట్టెలు కొనిపెట్టనక్కరలేదు. ఇంట్లో ఒక మూల, మూత ఉన్న డబ్బా ఒకటి పిల్లలకు ఇవ్వండి. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి కాగితం మెత్తబడుతుంది, అందుకని మూత కావాలి. ఇల్లు సర్దేటప్పుడు ఆ డబ్బాలోని కాగితపు ముక్కలను చెత్త అనుకుని ఊడ్చెయ్యకండి. "పక్కింటి పిల్ల ఇంతకన్నా బాగా చేసింది" అని కూడా అనకండి. పోలిక పెట్టదలిస్తే, పోయిన నెల చేసిన పువ్వుతో పెట్టండి. పిల్లలు ఆ పనిని ఎన్నాళ్ళయినా విడిచిపెట్టరు.

పిల్లలూ, చివరకు మీకొక లెక్క. 20 సెంటీమీటర్ల పట్టీతో చేసిన బిగిచుట్టకు మూడింతల అడ్డుకొలత ఉన్న చుట్ట కావాలి. ఎంత పొడవు పట్టీ పడుతుంది? ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. ఆ తరవాత అదే కాగితాన్ని కత్తిరించి, చుట్టి, కొలిచి చూడండి!