ఆదివారమైపోయిన బ్యాంకు

‘బీయింగ్ సండే, ద బ్యాంక్ వజ్ క్లోజ్డ్.’ సెలవుచీటీల్లో, ఆఫీసు ఉత్తరాల్లో తరచూ కనిపించే వాక్యమిది. తప్పేముంది అంటారా? ఇంగ్లిషు చదువరికి ఇందులో ఆదివారం అయింది బ్యాంకే! ‘బీయింగ్’కు సొంత కర్త లేదు కాబట్టి వెనకాల వచ్చిన బ్యాంకు మీద వాలిపోయింది. ముందు ఒక్క ‘ఇట్’ చేర్చండి. ‘ఇట్ బీయింగ్ సండే’ అనగానే బ్యాంకు మళ్లీ బ్యాంకవుతుంది.

మనకీ తికమక ఊరికే రాలేదు. ‘వర్షాలు పడి చెరువు నిండింది’ అంటాం. పడినవి వర్షాలు, నిండింది చెరువు. కర్తలు రెండైనా తెలుగుకు ఇబ్బంది లేదు. అదే అలవాటుతో ‘హావింగ్ రెయిన్డ్, ద ట్యాంక్ ఫిల్డ్ అప్’ అని రాస్తే, కురిసింది చెరువే అవుతుంది. ‘ద రెయిన్స్ హావింగ్ కమ్’ అంటూ దాని కర్తను దానికి ఇచ్చేయాలి. సొంత కర్త ఉండి, పూర్తి క్రియ లేకుండా, కామాతో వేరుపడి మొత్తం వాక్యానికి సందర్భం చెప్పే ఈ ముక్కే అబ్సల్యూట్ ఫ్రేజ్. పేరు చూసి బెదరక్కర్లేదు. లాటిన్ మూలంలో ఆ మాటకు విడివడినది అని అర్థం. ‘వెదర్ పర్మిటింగ్’, ‘గాడ్ విల్లింగ్’ ఈ కోవలోవే.

ఇది పరీక్షలో అర మార్కు గొడవేననుకుంటే పొరపాటు. 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ ఇలాంటి ముక్కతోనే మొదలవుతుంది. దేశ భద్రతకు పౌరసేన అవసరమైనందున, ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కుకు భంగం కలగరాదని దాని సారాంశం. మరి ఆ మొదటి ముక్క హక్కుకు హద్దు గీస్తోందా, కారణం చెప్పి ఊరుకుంటోందా? 2008లో హెల్లర్ కేసులో ఈ చర్చ సుప్రీంకోర్టుకెక్కింది. భాషాశాస్త్రవేత్తలూ తమ వాదన సమర్పించారు. అది హద్దు కాదని 5-4 తేడాతో తీర్పు వచ్చింది. వాషింగ్టన్‌ నగరంలో చేతి తుపాకుల మీద ఉన్న నిషేధం చెల్లకుండా పోయింది.

అపొజిటివ్ అంత జగడాలమారి కాదు. ఒక పేరు పక్కనే అదే మనిషిని చెప్పే ఇంకో మాట, అంతే. కాకపోతే కామాలతో జాగ్రత్త. ‘మా తమ్ముడు రవి’ అంటే తమ్ముళ్లు ఎందరున్నా తెలుగులో ఒకటే మాట. ఇంగ్లిషులో ‘మై బ్రదర్’ తర్వాత కామా పెట్టి రవి అంటే, ఉన్నది ఒక్కడే అని. కామా లేకపోతే ఇంకొకరు కూడా ఉన్నట్టు.

చాలామంది మొదటి కామా పెట్టి రెండోది మరిచిపోతారు. ‘మిస్టర్ రావు, అవర్ హెడ్మాస్టర్, ఈజ్ కమింగ్’ అంటే వస్తున్నది రావుగారే. రెండో కామా తీసేయండి... ‘రావుగారూ, మా హెడ్మాస్టరు వస్తున్నారు’ అని ఆయన్నే హెచ్చరిస్తున్నట్టుంటుంది!