కర్రపెండలం సగ్గుబియ్యానికేనా?

గోదావరికి ఎర్రనీరు వస్తే చిల్లగింజ అరగదీసి బిందెలో కలపడం పెద్దలనాటి అలవాటు. మంచినీటి ట్యాంకుల వద్ద ఆ పని పటిక చేస్తుంది. కర్రపెండలం పిండి కూడా ఇందుకు పనికివస్తుందని పెద్దాపురం, గండేపల్లి, జగ్గంపేట రైతుల్లో ఎందరికి తెలుసు?

ఉత్త పిండి చాలదు. మామిడికి అంటు కట్టినట్లు పిండికి పాలీఎక్రిలమైడ్ అనే కృత్రిమ పదార్థపు పోగులను అతికిస్తారు. ఆ పొడవాటి పోగులు మట్టి రేణువులను పట్టి ముద్దలు చేస్తాయి. ముద్దలు అడుక్కి దిగి నీరు తేరుతుంది. అమెరికాలో పియోరియా ప్రభుత్వ పరిశోధనశాల 1970 దశకంలోనే మొక్కజొన్న పిండికి ఇలాంటి అంటుకట్టి, తన బరువుకు వందలరెట్లు నీరు పీల్చే పదార్థాన్ని తయారుచేసింది.

అయితే జాగ్రత్త అవసరం. తయారీలో మిగిలిపోయే ఎక్రిలమైడ్ విషం. తాగునీటిలో అది లీటరుకు 0.5 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కనుక ముందుగా మిల్లుల మురుగునీటిపై వాడి చూడాలి. పరీక్షల్లో నెగ్గాకే తాగునీటి మాట.

సగ్గుబియ్యం ధర పడితే దుంప ధరా పడుతుంది, రైతు కుదేలవుతాడు. సరుకు అమ్ముకోవడానికి ఒకే గుమ్మం ఉంటే బేరం కొనేవాడిదే. రెండో గుమ్మం తెరిపించే బాధ్యత ప్రభుత్వానిది, విశ్వవిద్యాలయాలది. ఇకనైనా అధికారులు శ్రద్ధ వహించాలి.