టీవీ చెప్పని ముక్క

షేక్‌పేట నాలా దగ్గర నాది మందుల షాపు. 2017 జులైలో డ్రగ్స్ కేసులో సినిమావాళ్లను ఎక్సైజ్ సిట్ ప్రశ్నించినప్పుడు షాపు టీవీలో పొద్దస్తమానం అదే గోల. ఎవరు ఏ కారు దిగారో చూపించారు. ఎండీఎంఏ అనే డ్రగ్‌తో ఒళ్లు ప్రాణం మీదికొచ్చేంత కాగిపోవచ్చనీ, అలాగని నీళ్లు అదేపనిగా తాగితే సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చనీ నేను చూసినంతలో ఎవరూ చెప్పలేదు.

మొన్నొక కుర్రాడు "అన్నా, మా ఫ్రెండ్‌కి..." అని నసిగాడు. ఫ్రెండే, నమ్మాను! 14446 రాసిచ్చాను, మత్తు మాన్పించే, డబ్బులు పడని హెల్ప్‌లైన్.

"పోలీసులకు చెప్తారా?"

తనంతట తాను చికిత్సకు వెళ్లే వ్యసనపరుడికి, వాడకం కేసులో ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. హీరోల ఫ్లెక్సీల మీద ఈ ఒక్క లైను వేయిస్తే ఏం పోయింది? కుర్రాడు చీటీ మడిచి ఫోన్ కవర్‌లో దాచుకున్నాడు.