కొంబుచాకు కావలసింది కిట్టు కాదు, మంచి సరుకు

పులిసిన పానీయం తెలుగు ఇంటికి కొత్త కాదు. కుండలో గంజి పులియబెట్టి, వేసవి పొద్దున తరవాణి తాగి పనికి వెళ్ళిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. ఇప్పుడు మరో పులుపు 'కొంబుచా' అన్న పేరుతో సీసాల్లో పట్టణాల దుకాణాలకు చేరింది. సీసా ధర చూసి దానిని ఇంట్లోనే చేసుకోవాలని పలువురు ఉత్సాహపడుతున్నారు. ఉత్సాహం మంచిదే. అయితే అందమైన జాడీ, ఖరీదైన కిట్టు ముందు కొని, అందులో పోసే సరుకు సంగతి చివర చూడడం మాత్రం సరికాదు.

కొంబుచా అంటే తియ్యని తేనీటిని పులియబెట్టినది. చైనాలో పుట్టిందని ప్రతీతి. రష్యాలో దీనిని 'తేనీటి పుట్టగొడుగు' అంటారు గాని, పైన తేలే మందపాటి పొర పుట్టగొడుగు కాదు. ఈస్టు, బాక్టీరియా కలిసి కాపురముండే మీగడ వంటిది. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది, బాక్టీరియా ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తుంది. దీనికి కావలసినవి నాలుగే: నీరు, తేయాకు, చక్కెర, తోడు. లీటరు నీటికి 5 నుంచి 8 గ్రాముల తేయాకు, సుమారు 70 గ్రాముల చక్కెర, 100 నుంచి 150 మిల్లీలీటర్ల పాత కొంబుచా సరిపోతాయి. ఈ లెక్కకు కిట్టుతో పనేమిటి?

తేయాకులో సాదా నల్ల టీ మేలు. యాలకులు, అల్లం, సుగంధ నూనెలు కలిపిన పొడులు తోడు బలాన్ని దెబ్బతీయవచ్చు. విడిగా అమ్మే పొడిని గుడ్డిగా నమ్మరాదు. తడి వడపోత కాగితంపై కాస్త పొడి చల్లితే రంగు మరకలు దిగితే, అది రంగు కలిపిన కల్తీ సరుకని అనుమానించాలి. వారం పాటు నీటిలో పులిసే పానీయానికి ఈ పరీక్ష మరీ అవసరం.

చక్కెర విషయంలో ఆరోగ్యం పేరిట పొదుపు పనికిరాదు. చక్కెర సూక్ష్మజీవులకు తిండి. చక్కెరకు బదులు వాడే కృత్రిమ తీపి వాటి ఆకలి తీర్చదు. బెల్లం నాణ్యత దిమ్మకో తీరుగా ఉంటుంది గనుక కొత్తవారు తెల్ల చక్కెరతో మొదలుపెట్టడమే క్షేమం. అయితే పులిసిన తరువాత కూడా కొంత చక్కెర మిగులుతుంది. మధుమేహులు ఇది మరువరాదు. కుళాయి నీటిలో బ్లీచింగు వాసన ఉంటే బాగా మరిగించి చల్లార్చి వాడాలి. వేడి నీటిలో తోడు వేస్తే అది చచ్చిపోతుంది.

అన్నింటికంటే ముఖ్యం తోడు. పాలకు పుల్లని పెరుగు తోడు వేసినట్లే, మునుపటి కాపు నుంచి బాగా పులిసిన ద్రవాన్ని కలపాలి. పొర ఒక్కటీ వేసి ద్రవం వేయకపోతే మొదటి రోజుల్లో పులుపు చాలదు, బూజుకు దారి తెరుచుకుంటుంది. పొరపై నూగులాంటి పచ్చని, నల్లని బూజు కనిపిస్తే పైపైన తీసివేసి తాగడం ప్రమాదం. మొత్తం పారబోయాలి.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాయకూడదని మన పెద్దలకు తెలుసు. కొంబుచాకూ అదే నీతి. మెరుగు పూసిన పింగాణీ కుండలో కాచిన కొంబుచా తాగి సీసం విషమెక్కిన ఉదంతం 1998లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వెలువడింది. కనుక ఊరగాయ జాడీ కన్నా గాజు సీసా మేలు. మూత బిగించక శుభ్రమైన గుడ్డ కట్టాలి. 24 నుంచి 29 డిగ్రీల వేడిలో వారం, పది రోజులు పడుతుంది. మన ఎండాకాలంలో అంతకన్నా ముందే పులుస్తుంది గనుక రోజూ రుచి చూడాలి.

ఇది సర్వరోగ నివారిణి అన్న ప్రచారానికి తగిన ఆధారం లేదు. పైగా ఇందులో కొద్దిపాటి ఆల్కహాలు ఉంటుంది. ఆ కారణంగానే 2010లో అమెరికాలో కొన్ని దుకాణాల నుంచి సీసాలను వెనక్కు తీసుకున్నారు. గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు దూరంగా ఉండడం మంచిది.

తోడును పొట్లాలు కట్టి అమ్మేవారు తయారీ తేదీ, వాడే విధానం దానిపై ముద్రించాలి. ఆహార భద్రతా అధికారులు విడి తేయాకు నమూనాలను తరచు పరీక్షించాలి. గృహిణులు సైతం కిట్టుకు పెట్టే డబ్బులో కొంత మంచి తేయాకుకు పెడితే చాలు. పులుపు ఎక్కడిదైనా, సరుకు మంచిదైతేనే కడుపుకు చలువ.