ఆకుకూరలు – విత్తన స్వాతంత్ర్యము

కాయకు తొక్క గలదు. గింజకు పొట్టు గలదు. ఆకుకూరకు అట్టి కవచమేదియు లేదు. దానిపై చల్లిన మందు మనము భుజించు ఆకుమీదనే పడును. కావున దాని పెరుగుదలను మందుతో గాక విత్తనముతోనే అదుపుచేయ వీలగునా యనునది శాస్త్రజ్ఞుల వినోదము మాత్రమే కాదు. ప్రతి గృహస్థునకును సంబంధించిన ప్రశ్న.

వీలగునని వరిపైరే చాటుచున్నది. వరిని వెర్రిగా సాగదీయు తెగులునకు ఒక శిలీంధ్రము స్రవించు పదార్థము కారణమని 1926లో జపాను శాస్త్రజ్ఞుడు కురొసావా కనుగొనెను. జిబ్బరెల్లినను ఆ పదార్థము మొక్కలయందును సహజముగా నుండునని తరువాత తేలినది. ఐరోపాలో గోధుమకాడ పొట్టిపడుటకై క్లోర్మెక్వాటను మందు చల్లుదురు. అది మొక్కలో జిబ్బరెల్లిను తయారగుటను అడ్డగించును. 1966లో వెలువడిన ఐఆర్-8 వరియందు అదే పనిని ఒక జన్యుమార్పు చేసినది. ఆ జన్యువేదో 2002లో నిర్ధారణమైనది. చుక్క మందైనను చల్లకయే పైరు పొట్టిపడినది.

లెట్యూసను సీమకూర వేడిమికి త్వరగా కాడసాగి, పూతకు వచ్చి, చేదెక్కుటకును ఈ జిబ్బరెల్లినే తోడ్పడును. అట్టి జన్యువులను మన కొత్తిమీర, పాలకూర, తోటకూరలయందు వెదకుట మన కర్తవ్యము. దీనితో పురుగుమందుల బాధయు తీరునని భ్రమింపరాదు. అది వేరు సమస్య.

అయితే ఒక మెలకువ వలయును. పూతను ఆలస్యము చేయుట లాభము. పూతనే రూపుమాపినచో విత్తనమెక్కడిది? అప్పుడు రైతు ప్రతి పంటకును అంగడివాని గుమ్మము నాశ్రయింపవలసినదే. విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును 2001 నాటి చట్టము రైతునకిచ్చిన హక్కు కాగితముపైననే మిగిలిపోవును.

మనవారికి సామర్థ్యము లేదనరాదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరిని హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారు జన్యుసవరణచే మెరుగుపరచిన ‘కమల’ వంగడము 2025 మే నెలలో ప్రకటింపబడినది. కాని ఆ సవరణకు వాడు పనిముట్టుపై ముఖ్యమైన పేటెంటులు విదేశీయుల చేతులలో నున్నవి. వరికి చూపిన శ్రద్ధను ప్రభుత్వ పరిశోధనాలయములు ఆకుకూరలకును చూపవలెను. ఆ ఫలితమును రైతు తన మడిలోనే విత్తనము కట్టుకొనునట్లు అందీయవలెను. మందు బానిసత్వమును వదలి విత్తన బానిసత్వమున పడుట విముక్తి యనిపించుకొనదు.