పాస్‌పోర్టు రాదని భయపెడుతున్నదెవరు?

ఈమధ్య ఏ వాడకు పోయినా ఇదే మాట. జయంతి కమిటీలో పేరు రాయించుకోరా అంటే పిల్లగాడు తల గోక్కుంటడు. వాళ్లమ్మ అడ్డమొస్తది. "అన్నా, వాడు సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నడు. కేసు గీసు అయితే పాస్‌పోర్టు రాదంట. వాణ్ణి ఇడిసిపెట్టు."

ఆ తల్లిని నేను తప్పుపట్టను. సంఘంలో అప్పు తీసుకొని అమీర్‌పేటలో కోర్సు ఫీజు కట్టింది. డప్పు కొట్టిన చెయ్యి కంప్యూటర్ మీద ఆడితే మనకు గర్వమే. సాఫ్ట్‌వేర్ మోజు అని వెక్కిరించే మన నాయకులు కొందరున్నారు, వాళ్ల పిల్లలెక్కడ చదువుతున్నారో అడగండి!

నా కోపమంతా ఆ భయం మీదే. దానికి సర్కారు పెట్టిన ముద్దుపేరు దేశభద్రత.

ఆనంద్ తేల్‌తుంబ్డేను చూడండి. యవత్‌మాల్ జిల్లాలో కూలి కుటుంబంలో పుట్టినవాడు. ఇంజనీరయ్యాడు, అహ్మదాబాద్ ఐఐఎంలో చదివాడు, పెద్ద కంపెనీ నడిపాడు. అరెస్టయ్యేనాటికి గోవాలో డేటా అనలిటిక్స్ ప్రొఫెసర్. మన పిల్లలు నేర్చుకోవాలని ఆశపడే విద్యే అది. బాబాసాహెబ్ మనవరాలి భర్త. ఆయన్ను భీమా కోరేగావ్ కేసులో ఉపా చట్టం కింద జైలుకు పంపిన రోజు ఏది? 2020 ఏప్రిల్ 14. రెండున్నరేళ్లకు పైగా లోపలుంచారు. ఉగ్రవాద చర్యలో పాల్గొన్నట్టు ప్రాథమిక ఆధారం లేదని 2022 నవంబర్‌లో బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది. అదే కేసులో రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి వైరస్‌తో ఎవరో దొంగ ఫైళ్లు జొప్పించారని అమెరికా సంస్థ ఆర్సెనల్ 2021లో రిపోర్టిచ్చింది. ఎన్‌ఐఏ ఒప్పుకోలేదనుకోండి. సాఫ్ట్‌వేర్ అంటే ఇదీ ఉంటుందని మన పిల్లలకు తెలవాలి.

అంటే తల వంచుకొని చదువుకున్నా, పెద్ద కొలువు చేసినా, నోరు విప్పిన దళితుడికి భద్రత పేరుతో సంకెళ్లు సిద్ధం. మరి నోరు మూసుకొని సాధించేదేమిటి?

ఇక పాస్‌పోర్టు సంగతి. 1967 చట్టం ప్రకారం పాస్‌పోర్టు ఇవ్వకపోతే కారణం రాసి, అడిగితే కాపీ ఇవ్వాలి. కానీ దేశభద్రతకు మంచిది కాదనుకుంటే ఆ కాపీ కూడా ఇవ్వనక్కర్లేదట! ఏ తప్పు చేశావో చెప్పరు, చేశావని మాత్రం అంటారు. పట్వారీల కాలంలో మన తాతలు చూసిన న్యాయమే ఇది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు గుంజుకొని కారణం చెప్పకపోతే ఆమె సుప్రీంకోర్టుకెక్కింది. మనిషి వాదన వినకుండా అట్లా చేయకూడదని 1978లో కోర్టు చెప్పింది. ఇందిరమ్మ కోడలు గనుక కోర్టుదాకా పోగలిగింది. మన ఎల్లమ్మ కొడుకు పోగలడా?

పోవాలంటే ముందు తెలుసుకోవాలి. కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపొచ్చు, నిజమే. కానీ ఉత్త ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన కోర్టులో కేసు నడుస్తున్నట్టు కాదని హైకోర్టులు చాలాసార్లు చెప్పాయి. కోర్టులో నడుస్తున్నా సరే, ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇవ్వొచ్చని 1993 ఆగస్టు 25 నోటిఫికేషన్ ఉంది. స్టేషన్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

మొన్న ఆ తల్లికి ఇదంతా విడమర్చి చెప్పాను. కాసేపు ఊకున్నది. "ఆ 1993 కాయితం జిరాక్స్ తెచ్చియ్యి అన్నా. పేరు సంగతి తర్వాత చూద్దాం" అన్నది. తీసుకపోతున్నాను.