తాటిచెట్టు కింద చెయ్యి

మొన్న రాత్రి ఒక టీవీ చర్చలో, వెనక గన్‌మన్ లేనిదే గడప దాటని ఒక మాజీ నాయకుడు బల్ల గుద్ది మరీ సెలవిచ్చాడు: "చేతికి గన్‌పౌడర్ అంటిందని రిపోర్టు వచ్చాక ఇంకా వాదనేమిటండీ!" యాంకరమ్మ తలూపింది. నేను రిమోట్ కోసం దిండ్ల కింద వెతుక్కున్నాను. అది దొరికేలోపు ఆయన ఆ మాట మూడుసార్లు అన్నాడు.

అయ్యా, ల్యాబు ముఖ్యంగా వెతికేది గన్‌పౌడర్ని కాదు. తూటా అడుగున ప్రైమర్ అని చిటికెడు మందు ఉంటుంది. దెబ్బ తగిలి అది భగ్గుమన్నప్పుడు అందులోని సీసం, బేరియం, యాంటిమొని ఆవిరై, చల్లారి, కంటికి ఆనని గుండ్రటి రేణువులుగా రాలతాయి. కార్బన్ జిగురు అంటించిన చిన్న అల్యూమినియం బిళ్లతో చేతి వెనక భాగాన్నీ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్నీ అద్ది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడతారు. మూడూ ఒకే రేణువులో కనిపిస్తే అది తుపాకీది కావచ్చంటారు. సైన్సు అక్కడ ఆగుతుంది, మన పెద్దమనుషులు అక్కడే మొదలెడతారు. ఆ రేణువు పేల్చినవాడికి అంటుతుంది, పక్కన నిలబడ్డవాడికి అంటుతుంది, తర్వాత ఆ తుపాకీ తీసినవాడికి అంటుతుంది, వాడితో చెయ్యి కలిపినవాడికీ అంటొచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో దాని మీద రాసి ఉండదు.

"మామూలు మనుషుల చేతుల మీద ఇది అరుదు కదా" అంటారు. అరుదే, కాదనను. కానీ అరెస్టయినవాడు మామూలు మనిషిలా నడిచి వస్తాడా? రోజూ తుపాకీ మోసే చెయ్యి వాడి మణికట్టు పట్టుకుంటుంది. సాయుధులు కూర్చుని లేచిన జీపు సీట్లో వాణ్ణి కుక్కుతారు. స్టేషను బెంచీ మీద కూలేస్తారు. ఆ తర్వాత తీరిగ్గా చేతులు అద్దుతారు. లెక్క తీసింది వీధిలో చేతులకు, వర్తింపజేసేది స్టేషనుకు ఈడ్చుకొచ్చిన చేతులకు! తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ మనిషిని చెట్టు కిందికి లాక్కొచ్చేదీ వాళ్లే, నోరు వాసన చూసేదీ వాళ్లే.

ఊరికే అనడం లేదు. 1999 ఏప్రిల్ 26న లండన్‌లో బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండోను ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఏడాది తర్వాత బారీ జార్జ్ అనే అతని కోటు పట్టుకెళ్లారు. లోపలి జేబులో ఒక్క రేణువు దొరికింది. ఒక్కటంటే ఒక్కటి, మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. ఫోరెన్సిక్ ల్యాబు చూడకముందే ఆ కోటును పోలీసులు తమ స్టూడియోలో ఫొటోలు తీయించారు. అయినా 2001లో యావజ్జీవం పడింది. తర్వాత అదే ఫోరెన్సిక్ సర్వీసు మళ్లీ లెక్క వేస్తే తేలిందేమిటి? హంతకుడైతే అలాంటి రేణువు దొరికే అవకాశం నూటికి ఒకటి, కాకపోయినా నూటికి ఒకటే! అంటే ఆ సాక్ష్యం తూకం సున్నా. 2007లో శిక్ష కొట్టేశారు, 2008లో పునర్విచారణ జరిపి నిర్దోషి అన్నారు. ఈలోగా ఎనిమిదేళ్లు జైల్లో గడిచాయి.

దీనికి అన్నలాంటి కథ బర్మింగ్‌హామ్‌ది. 1974లో బాంబులు పేలిన రాత్రి రైల్లో పేకాడుకుంటూ వెళుతున్న ఐరిష్‌వాళ్లను పట్టుకున్నారు. కొందరి చేతుల మీద నైట్రోగ్లిజరిన్ ఉందని పరీక్ష చెప్పింది. పేకముక్కల పూతకూ ఆ పరీక్ష అలాగే పలుకుతుందని తర్వాత బయటపడింది. ఆ కేసులో ఆరుగురు పదహారేళ్లు లోపలున్నారు. మన రైళ్లలో పేకాడేవాళ్లందరినీ ఒక్కసారి తలుచుకోండి.

బాణాసంచాలోనూ బేరియం ఉంటుంది, బ్రేకుల ధూళిలోనూ ఇలాంటి రేణువులు కనబడ్డాయి. పోనీ అవి వదిలేద్దాం. తిరగేసి చూసినా ఇదే గొడవ. బతికున్న మనిషి చేతి నుంచి ఇవి కొద్ది గంటల్లోనే చాలావరకు రాలిపోతాయి, కడుక్కుంటే ఇంకా త్వరగా. తనను తాను కాల్చుకున్నవాడి చేతి మీదా ఒక్కోసారి ఏమీ దొరకదు. ఉన్నా రుజువు కాదు, లేకున్నా రుజువు కాదు. 2006లో ఎఫ్‌బీఐ ఈ పరీక్షే మానేసింది. వేరే పనులున్నాయని చెప్పుకుంది గానీ, వాళ్ల ల్యాబులోనే ఈ రేణువులు తిరుగుతున్నాయని ఆ ఏడాదే పత్రికలకెక్కింది. మన సీరియళ్లలో మాత్రం తెల్లకోటు డాక్టరుగారు చేతిమీద ఏదో చల్లి, నీలం దీపం వెలిగించి, రెండు నిమిషాల్లో "వీడే సార్" అంటాడు. జనం అదే సైన్సనుకుంటున్నారు. నాయకులూ జనమే కాబోలు.

మరేం చేయమంటావని అడుగుతారు. చెయ్యి పట్టుకున్న పోలీసు చేతినీ అద్దండి, జీపు సీటునూ అద్దండి, ఆ లెక్కలు పక్కన పెట్టి అప్పుడు మాట్లాడండి. మిగతా విధివిధానాలు తెలిసినవాళ్లు రాసుకోవచ్చు.

నాదొక చిన్న కోరిక. ఈసారి చర్చకొచ్చినప్పుడు, ఆ గన్‌మన్ కారు తలుపు తీసి మన మాజీగారికి చెయ్యందించి దింపుతాడు కదా. మేకప్‌కు ముందు ఆయన చేతుల మీద కూడా ఒక బిళ్ల అద్దండి. రిపోర్టు వచ్చాక ఇంకా వాదనేముంటుంది!